వృక్షాయుర్వేదమందలి క్రిమిచికిత్స – ఓషధీవనమున దాని అతిదేశవిచారము

దేవాలయములందును, వేదపాఠశాలలందును, ఆయుర్వేద కళాశాలలందును ఓషధీవనములను పెంచు ప్రయత్నము ఇటీవల విస్తరించినది. సంతోషింపదగినదే. అయితే తులసికో, అశ్వగంధకో పురుగు పట్టినప్పుడు ఆ వనపాలకులు సంస్కృత పండితుని యొద్దకు వచ్చి, "మీ శాస్త్రమున దీనికేమి చెప్పినారండీ?" అని అడుగుచున్నారు. వారడుగుటకు తగిన కారణము కలదు. తులసిదళము పచ్చిగనే తీర్థమున పడును. అడ్డసరపాకు రసమును దగ్గుతో బాధపడు పసిబిడ్డ నోట పోయుదురు. అట్టి ఆకుపై కృత్రిమ విషములను చల్లినచో రోగికి మనమిచ్చినది ఔషధమో, మరేదియో చెప్పలేము.

ఈ ప్రశ్నకు మనవారు సాధారణముగా రెండు విధముల సమాధానము చెప్పుచున్నారు. కొందరు గ్రంథస్థమైన యోగమును ఉన్నదున్నట్లు వ్రాసియిత్తురు. మరికొందరు అదియంతయు పూర్వుల నమ్మకమని త్రోసివేయుదురు. రెండును శ్రమలేని సమాధానములే. వృక్షములకు విధింపబడిన చికిత్సను ఓషధులకు అన్వయించుట మీమాంసకులు చెప్పు అతిదేశము వంటిదనియు, అతిదేశమున్నచోట ఊహబాధలను విచారింపక తప్పదనియు నిరూపించుట ఈ వ్యాసమున నా ఉద్దేశము.

గ్రంథసామగ్రి

విచారమునకు ఆధారమైన గ్రంథములను ముందుగా పేర్కొందును. వరాహమిహిరుని బృహత్సంహితలో వృక్షాయుర్వేదాధ్యాయము కలదు. అగ్నిపురాణమునందును ఆ పేరిటనే ఒక చిన్న అధ్యాయమున్నది. పశ్చిమ చాళుక్య ప్రభువైన సోమేశ్వరుని మానసోల్లాసమున కొంత భాగము, 1363లో సంకలితమైన శార్ఙ్గధరపద్ధతిలో ఉపవనవినోదమను భాగము ఇందుకు ఉపకరించును. కన్నడమున చావుండరాయని లోకోపకారము కూడ ఈ కోవకు చెందినదే.

వీటన్నిటిలో విపులమైనది సురపాలుని వృక్షాయుర్వేదము. సుమారు వేయేండ్ల క్రిందటిదని పండితులు నిర్ణయించిన ఈ గ్రంథము 325 శ్లోకముల పరిమితి కలది. దీని వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున ఉండగా, డాక్టర్ వై.ఎల్. నేనే గారు దాని ప్రతిని తెప్పించిరి. శ్రీమతి నళినీ సాధలే గారు ఆంగ్లానువాదము చేయగా 1996లో సికిందరాబాదునుండి ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ వారు దానిని ప్రకటించిరి. మన ఊరి ప్రక్కనే వెలువడిన ఈ గ్రంథము ప్రాచ్య కళాశాలల గ్రంథాలయములలో ఎన్నింటియందు కనబడునో పాఠకులే ఎరుగుదురు.

ప్రకృతి, వికృతి

చరకసంహిత ఔద్భిదద్రవ్యములను వనస్పతి, వానస్పత్యము, వీరుత్తు, ఓషధి అని నాలుగు విధములుగా విభజించినది. ఫలము పండినంతనే నశించునది ఓషధి. సురపాలాదుల గ్రంథములకు ప్రధాన విషయము వృక్షము. వారు చెప్పు లేపనము మ్రానుకు, సేచనము వేరు పాదునకు, ధూపము కొమ్మల గుబురునకు ఉద్దేశింపబడినవి. మూరెడెత్తు తులసికి మ్రాను ఎక్కడిది? నేలనంటి ప్రాకు సరస్వతియాకునకు కొమ్మలెక్కడివి? కావున వృక్షచికిత్స ప్రకృతి, ఓషధిచికిత్స వికృతి అని గ్రహింపవలెను.

జైమినిసూత్రములందు సప్తమాష్టమాధ్యాయములు అతిదేశమును, నవమము ఊహమును, దశమము బాధను విచారించుచున్నవి. సౌర్యచరువునందు ప్రకృతినుండి మంత్రము వచ్చును గాని, అందలి అగ్నిపదస్థానమున సూర్యపదము చేరును. ఇది ఊహము. కృష్ణలచరువునందు బంగారుగింజలను వండవలెను. వాటికి పొట్టు లేదు గనుక దంపుట అను అంగము నివర్తించును. ఇది బాధ. అంగము దేనికొరకు విధింపబడినదో ఆ ప్రయోజనమునుబట్టి దానిని నిలుపుటయో, మార్చుటయో, విడుచుటయో జరుగును. తోటలోనైనను న్యాయము ఇదియే. పొట్టులేని బంగారమును దంపువాడును, మ్రానులేని మొక్కకు మ్రానులేపము పూయువాడును ఒక్కతీరువారు.

క్రిమిశబ్దము

మొదట తేల్చుకొనవలసినది చికిత్సకాదు, శబ్దార్థము. క్రిమి, కీటము అను మాటలతోనే ఈ గ్రంథములు చాలవరకు పని గడుపుకొనినవి. ఆకును కొరుకు గొంగళియు, రసమును పీల్చు పేనును, కాండమును తొలుచు పురుగును ఆ మాటలలోనే ఇమిడిపోవును. మనుష్యశరీరమందలి క్రిములను ఆయుర్వేదము ఇరువది విధములుగా భేదించి చెప్పినది. వృక్షక్రిముల విషయమున అంతటి వివేచన కనబడదు.

ఈ లోపమును తెలుగు తీర్చుచున్నది. మన రైతు చెప్పు పేరులను చూడుడు. మొక్క చివుళ్ళకు గుంపుగా పట్టి బంకను విడుచునది పేనుబంక. పిండి చల్లినట్లు కణుపులకంటునది పిండినల్లి. ఆకుక్రింద సాలెగూడువంటి సన్నని దారములల్లి ఆకును పాలిపోజేయునది ఎర్రనల్లి. తాకినంతనే తెల్లగా లేచి ఎగురునది తెల్లదోమ. ఇవిగాక పచ్చదోమ, తామరపురుగు, ఆకుముడత పురుగు, ముక్కుపురుగు, వేరుపురుగు. ప్రతి పేరునందును లక్షణము ఉన్నది; కొన్నింటియందు స్థానము కూడ ఉన్నది. పురుగును, తెగులును వేరుచేయు వివేకము కూడ తెలుగు వ్యవహారమున కలదు. వ్యుత్పత్తి తెలియదని మనము చిన్నచూపు చూచు పదములే ఇక్కడ శాస్త్రమునకు కన్నులు.

అయినను తెలుగునందును ఒకచోట ప్రమాదమున్నది. అక్షింతల పురుగు అను పేరు రెండు వేర్వేరు జీవులకు చెల్లుచున్నది. వంకాయ, పెన్నేరు అనబడు అశ్వగంధ, కామంచి, ఉమ్మెత్త మొదలగు ఒకే కుటుంబపు మొక్కల ఆకులను గీకి తినునది ఒకటి. ఎపిలాక్నా అని శాస్త్రజ్ఞులు పిలుచునది ఇదియే. పేనుబంకను తిని మొక్కకు మేలు చేయునది రెండవది. రెండింటికిని గుండ్రని డొప్పవంటి వీపు, దానిపై చుక్కలు. రెండును ఆకుక్రింద పసుపుపచ్చని గ్రుడ్లను నిలువుగా గుంపుగా పెట్టును. తెలియనివాడు రెండింటిని చంపును. తెలిసీ తెలియనివాడు పుస్తకమున మిత్రమని చదివి రెండింటిని కాపాడును. అశ్వగంధమడి నశించుటకు ఈ రెండవవాడే ఎక్కువగా కారణము.

భేదమును గుర్తించు విధము ఇది. ఆకుతినుదాని వీపు సన్నని నూగుతో కప్పబడి కాంతిహీనముగా నుండును. వీపుపై 12 గాని, 28 గాని చుక్కలుండును. దాని పిల్లపురుగు పసుపువన్నె కలిగి ఒడలెల్ల ముండ్లతో నుండును. అది గీకిన ఆకు ఈనెలు మాత్రము మిగిలి జల్లెడవలె అగును. మేలుచేయుదాని వీపు నూనె రాచినట్లు మెరయును; పిల్లపురుగు నల్లగా సాగి, పక్కల పసుపు లేక నారింజవన్నె మచ్చలతో, చిన్న మొసలిని తలపించును. ఇంతకంటె సులభమైన గుర్తొకటి కలదు. పురుగును గాక దాని చుట్టునున్న ఆకును చూడవలెను. ప్రక్కన పేనుబంక ఉన్నచో అది మిత్రము, ఆకు గీకబడియున్నచో శత్రువు. తార్కికులు దీనిని కార్యలింగకానుమానమందురు.

నిదానము

సురపాలుడు వృక్షరోగములను ఆంతరములు, బాహ్యములు అని విభజించి, ఆంతరములను వాతపిత్తకఫములకు చేర్చెను. క్రిమిబాధ, శీతము మొదలగునవి బాహ్యములు. పైకి చూచినచో క్రిములకును దోషములకును సంబంధము లేనట్లు తోచును. కాని కఫజరోగములకు అతడు చెప్పిన హేతువు గమనింపదగినది. శిశిరవసంతములందు మధురస్నిగ్ధశీతద్రవ్యములతో మొక్కను మితిమీరి తడుపుటచే ఆ రోగములు పుట్టునని అతని మతము. మన తోటలలో మాఘఫాల్గుణములందే పేనుబంక విజృంభించును. నత్రజని హెచ్చైన ఎరువును, నీటిని అతిగా పొందిన మొక్క చివుళ్ళు మెత్తబడి, రసము పీల్చు పురుగులను అధికముగా ఆకర్షించునని నేటి వ్యవసాయశాస్త్రము చెప్పుచున్నది. ఈ రెండును ఒకటేయని నేననను. కఫమనగా నత్రజనియని వ్రాయువారు శాస్త్రమునకు ఉపకారము చేయుటలేదు. అతిపోషణము రోగహేతువగునను పరిశీలన మాత్రము ఉభయత్ర సమానము.

ఈ నిదానమునుండి వచ్చు విధి ఒకటున్నది. మాగని పచ్చిపేడను మడిలో వేయరాదు. అది చెదలకును, వేరుపురుగునకును ఆహ్వానము. సేంద్రియమైనంత మాత్రమున ఎరువు నిర్దోషము కాదు. నన్నడిగిన ముగ్గురు వనపాలకులలో ఇద్దరి తోటలలో పురుగు మందుకంటె ముందు మానవలసినది ఈ పచ్చిపేడయే.

శోధనము

వరాహమిహిరుడు రోగగ్రస్తమైన వృక్షమునకు చెప్పిన క్రమమున మొదటిది శస్త్రముచే శోధనము. పిదప విడంగములు, నేయి, పంకము కలిపిన లేపము. ఆపై పాలు కలిపిన నీటితో సేచనము. ఈ క్రమమునందు శోధనము ఆదియందుండుట యాదృచ్ఛికము కాదు. అతిదేశమున ఏ మార్పును లేక ఓషధులకు వచ్చు అంగము ఇదియొక్కటే.

తులసికి పట్టు చిన్న నల్లిజాతి పురుగొకటి కలదు. గోధుమనలుపు వన్నెతో, జాలరువంటి రెక్కలతో, ఆకు అడుగున గుంపుగా నివసించి రసము పీల్చును. ఆకుపై తెల్లని పొడలు, అడుగున నల్లని మలబిందువులు కనబడి, పిదప ఆకు ముడుచుకొని ఎండును. శాస్త్రజ్ఞులు దీనిని కాక్లోకైలా బుల్లిటా అందురు. ఆరంభదశయందు పట్టుకొనినచో పది ఆకులు త్రుంచి సబ్బునీటిలో ముంచుటతో పని తీరును. మారేడు, కరివేప మొక్కలపై వ్రాలు సీతాకోకచిలుక పిల్లపురుగులు చిన్నతనమున పక్షిరెట్టవలె నుండి కన్నును మోసగించును, ఎదిగినపిమ్మట పచ్చబడును. వాటికిని చేతితో ఏరివేయుటయే ఉత్తమచికిత్స. ఇది మందుకాదు కదా యని చిన్నబుచ్చుకొను శిష్యులకు వరాహమిహిరుని క్రమమును చూపుచుందును.

లేపము, సేకము

విడంగములు క్రిమిఘ్నద్రవ్యములలో అగ్రగణ్యములు. మన పచారి అంగళ్ళలో వాయువిడంగాలను పేరిట దొరకును. సురపాలుడు నేతితో కూడిన విడంగలేపమును, పురుగు తొలిచిన గాయమునకు విడంగములు, నువ్వులు, గోమూత్రము, నేయి, ఆవాలు కలిపిన లేపముపై పాలు చిలుకుటను చెప్పెను. నేటివారు ఎంబెలిన్ అను పదార్థమును విడంగములందు గుర్తించిరి. కాని అంగట దొరకునదంతయు నిజమైన విడంగము కాదు. అదే వంశపు మరియొక మొక్క ఫలములును, వేరు వంశపు ఫలములును ఆ పేర అమ్మబడుచున్నవి. అసలు తీగ పడమటి కనుమలలో నానాటికి అరుదగుచున్నది. ఒక మడికి పూయుటకై అడవినుండి దానిని తరిగించుట ఓషధీవనము పెంచువారికి తగదు.

ఇక్కడ ఊహము అవసరము. లేపమున నేతి ప్రయోజనమేమి? స్నిగ్ధద్రవ్యము పురుగు ఒడలిపై పొరగా పరచుకొని, ఊపిరి పీల్చు రంధ్రములను మూయును. విడంగముల ప్రయోజనము క్రిమిఘ్నత్వము. ఈ రెండు ప్రయోజనములును వేపనూనెయందు ఏకత్ర లభించుచున్నవి. నేయి ఖరీదైనది, మెత్తని ఆకుపై పూసినచో చీమలను రప్పించును. లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనెను, అది నీట కలియుటకు కొంచెము కుంకుడురసమును చేర్చి, ఆకు అడుగుభాగము తడియునట్లు సాయంకాలమున చల్లవలెను. కుంకుడును సంస్కృతమున ఫేనిలమందురు. పేరే దాని పనిని చెప్పుచున్నది.

నూనె లభింపనిచో వేపగింజల కషాయము చాలును. పొట్టు తీసిన గింజపప్పు 50 గ్రాములు దంచి, పలుచని గుడ్డలో మూటకట్టి, లీటరు నీటిలో రాత్రియంతయు నానవేసి, పిండి వడకట్టి, మరునాటి సాయంకాలమున వాడవలెను. నిలువయుంచరాదు. సాయంకాలమే ఎందులకన, వేపయందలి అజాడిరాక్టిన్ అను సారము ఎండకు త్వరగా నశించును. 1968లో ఈ సారమును వేరుచేసిరి. ఇది పురుగును తత్‌క్షణము చంపదు; తినునిచ్ఛను పోగొట్టును, కుబుసము విడుచుటను అడ్డగించును. మరునాడుదయమే పురుగు చావలేదని విసిగి మరల మరల చల్లువారు ఈ స్వభావమును తెలియనివారు.

గోమూత్రము ఊహమునకు లోనుగావలసినదే. మ్రానునకు అది అట్లే చెల్లును. లేతాకుపై నీరు కలుపక చల్లినచో ఆకు మాడును. పదింతల నీరు కావలెను. ఏడు దినములు ఉప్పునీరు చిలుకవలెనని సురపాలుడు చెప్పిన విధికి మాత్రము ఓషధులయందు బాధయే. మహావృక్షపు వేళ్ళు లోతున నుండును. కుండీలోని తులసివేళ్ళకు ఉప్పు తగిలినచో పురుగుతో పాటు తులసియు పోవును. పాలనీటిని గురించి ఒక్క మాట. 1999లో బ్రెజిలు దేశమున గుమ్మడికుటుంబపు మొక్కలపై జరిపిన పరిశోధనలో నీరు కలిపిన పాలు బూడిద తెగులును అణచినట్లు తేలినది. అది తెగులు, పురుగు కాదు. కావున దానిని క్రిమిచికిత్సకు సాక్ష్యముగా చూపరాదు.

ఏది చల్లినను ఒక నియమము పాటింపవలెను. మడిని రెండు భాగములు చేసి, ఔషధమునకు కోయు భాగముపై ఏదియు చల్లరాదు. వేపయైనను పసిబిడ్డ కషాయమున ఉద్దేశింపనిదే కదా.

ధూపము

ఇక నా తప్పిదమును చెప్పవలసియున్నది. సురపాలోక్తమైన ధూపయోగమున తెల్ల ఆవాలు, ఇంగువ, విడంగములు, వస, మిరియములు, మహిషశృంగము, మాంసములు, భల్లాతకచూర్ణము కలవు. కొన్నేండ్ల క్రిందట నేను పాఠము చెప్పు తోటలో తులసికి ఆ జాలరురెక్కల పురుగు పట్టగా, జాంతవద్రవ్యములను విడిచి తక్కినవానితో ధూపము వేయుడని శిష్యులకు చెప్పితిని. భల్లాతకమనగా చాకలివారు బట్టలపై గుర్తు పెట్టు నల్లజీడి. దాని రసమే కాదు, పొగయు చర్మమును పొక్కించునని ఆయుర్వేదవిద్యార్థి ఎవడైనను చెప్పగలడు. నేను వైయాకరణుడను, నాకు స్ఫురింపలేదు. పొగను విసరిన పిల్లవాని కనురెప్పలు మరునాటికి వాచిపోయినవి, ముంజేతులు పొక్కినవి. వైద్యుడు కొత్తిమీర ముద్దయు, కొబ్బరినూనెయు పూయించి పదిదినములు కనిపెట్టి చూచెను. పురుగులు ఆకుల అడుగున యథాస్థానముననే యుండినవి.

ఆనాడు మాంసమును విడిచినప్పుడు నేను బాధను ఆచారమునుబట్టి చేసితినే గాని ప్రయోజనమునుబట్టి చేయలేదు. విడువవలసినదాని ప్రమాణము నా రుచి కాదు. ఎత్తైన చెట్టు క్రింద వేసిన పొగ పైకి పోవును, మనిషి దూరముగా నిలుచును. మోకాలెత్తు మొక్క చుట్టు వేసిన పొగ విసరువాని ముఖముననే తగులును. కావున ఓషధులయందు భల్లాతకధూపము సర్వథా నివర్తించును. వస విషయమునను జాగ్రత్త అవసరము. దానియందలి అసరోన్ అను సారము పురుగుల సంతానశక్తిని చెరుచును గనుక గింజల నిలువలో అది ఉపకరించును. తినబోవు పచ్చియాకుపై దాని రసమును చల్లుట మంచిది కాదు.

కుణపజలము గురించి అడుగువారు కూడ కలరు. మాంసాదులను కుళ్ళబెట్టి చేయు ఆ ద్రవము ప్రధానముగా పోషకము, క్రిమిచికిత్సయందు అంగమాత్రము. డాక్టర్ నేనే గారు పచ్చిరొట్టతో హరితకుణపమును కల్పించి వ్యాప్తికి తెచ్చిరి. ఇది ఊహమునకు చక్కని ఉదాహరణము. అయితే దానిని వేరునకే పోయవలెను.

అస్త్రనామములు, కాలనిర్ణయము

ఆంధ్రదేశమున ప్రకృతి వ్యవసాయము వ్యాపించినకొలది నీమాస్త్రము, బ్రహ్మాస్త్రము, అగ్నిఅస్త్రము అను పేరులు పల్లెపల్లెన వినబడుచున్నవి. శ్రీ సుభాష్ పాలేకర్ గారు ప్రచారము చేసిన ఈ కషాయములు రైతులకు ఉపయోగించుచున్నవి. ఆ ఉపయోగమును నేను కాదనను. అగ్న్యస్త్రమనక అగ్నిఅస్త్రమని సంధి విడుచుటను కూడ క్షమింతును. కాని పేరు సంస్కృతమైనంత మాత్రమున యోగము ప్రాచీనమని మన విద్యార్థులు పరిశోధనపత్రములందు వ్రాయుచుండుట క్షమింపరానిది. అగ్నిఅస్త్రమున పచ్చిమిరపయు, పొగాకును పడును. ఈ రెండును అమెరికాఖండమునుండి పోర్చుగీసువారి రాకకు పిమ్మట మన దేశమునకు వచ్చినవి. సురపాలుడు వాటిని ఎరుగడు. మడిగట్లపై నాటుడని చెప్పు బంతియు మెక్సికోదేశపు మొక్కయే. ఏ వ్రాతప్రతియందైనను పొగాకుకషాయము కనబడినచో ఆ భాగము పదునారవ శతాబ్దికి పూర్వపుది కాదని నిశ్చయింపవచ్చును. ప్రక్షిప్తములను గుర్తించుటకు మొక్కలు శాసనములకంటె తీసిపోని సాక్షులు.

పొగాకు విషయమున మరియొక ఆక్షేపణయు కలదు. నికోటిన్ మొక్కనుండి పుట్టినదైనను మనుష్యులకు తీవ్రవిషము. రోగి పుచ్చుకొను ఆకుపై పొగాకుకషాయమును చల్లరాదు. వత్సనాభియు మొక్కయే కదా!

ప్రాచీనగ్రంథములందు నాకు కనబడని ఉపాయమొకటి నేటి పరిశీలనవలన తెలిసినది. ధనియాలు, వాము, సోంపు మొక్కలను అన్నిటిని కోయక, మడికి నాలుగైదింటిని పూతకు విడువవలెను. ఆ సన్నని గొడుగుపూలలోని తేనెకై సిర్ఫిడ్ ఈగలును, పరాన్నజీవులైన చిన్న కందిరీగలును వచ్చును. ఆ ఈగ పిల్లపురుగులు పేనుబంకను తినును. ఆ కందిరీగలు గొంగళులయందు, గ్రుడ్లయందు తమ గ్రుడ్లను పెట్టి వాటిని నశింపజేయును. చీమలు మాత్రము పేనుబంక విడుచు తీపి బంకకై దానిని ఆవులమందవలె కాచి, మిత్రకీటకములను తరుమును. చీమలబారును ముందు తప్పింపవలెను. ఇది అతిదేశము కాదు, అపూర్వవిధి.

ద్వాదశీప్రశ్న

తులసికి శోధనము చెప్పినప్పుడెల్ల వచ్చు శంక ఒకటి మిగిలినది. ద్వాదశినాడు తులసీదళములను త్రుంచరాదని నిషేధము ప్రసిద్ధము. ఆనాడు పురుగు పట్టిన ఆకును కనిపెట్టినచో మరునాటివరకు ఆగవలెనా? ఒక్క రాత్రిలో పెద్దగా నష్టము రాదు గనుక ఆగుడని చెప్పువారున్నారు. లౌకికముగా అది చెల్లవచ్చును. శాస్త్రసమాధానము మాత్రము వేరు.

నిషేధమునకు విషయము చయనము. చయనమనగా పూజాదులకొరకు దళములను గ్రహించుట. రోగియొక్క వ్రణమును శోధించు వైద్యుడు హింసకుడు కానట్లే, రుగ్ణపత్రమును తొలగించువాడు చయనకర్త కాడు. పైగా అట్టి పత్రము పూజకు అర్హమే కాదు గనుక దానియందు చయనశబ్దము ప్రవర్తింపదు. నిషేధతాత్పర్యము తులసీరక్షణమే అయినచో ఆనాటి శోధనము దానికి అనుకూలమే గాని విరుద్ధము కాదు. ఈ నిర్ణయమునకు మా గురుకులమున ఇద్దరు పెద్దలు సమ్మతించిరి, ఒకరు సమ్మతింపలేదు. సమ్మతింపనివారి మాట ఏమనగా, చూచువారికి రెండును ఒక్కతీరుగనే కనబడును గనుక లోకసంగ్రహమునకై ఆగవలెనని. ఆ మాటయందును బలమున్నది. అందువలన మా తోటలో ద్వాదశినాడు శోధనము చేయు పిల్లవాడు పూబుట్టను చేత పట్టడు. మూతగల సబ్బునీటి చెంబును పట్టుకొని పోవును.